మధుమేహం – గ్లూకోజు సెన్సారు – నీరు

మధుమేహం పట్నాలవాళ్ళ జబ్బు, కూర్చుని తినేవాళ్ళ జబ్బు అని ఒకప్పుడు అనుకునేవారు. ఇప్పుడు ఆ మాట చెల్లదు. భారత వైద్య పరిశోధనా మండలి చేయించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షలమందికి ఈ వ్యాధి ఉన్నది. వీరిలో పొలం పనిచేసేవారున్నారు, కాలేజీలో చదివే కుర్రవాళ్ళున్నారు, బడికి పోయే పిల్లలు కూడా ఉన్నారు. పిల్లల్లోనూ యువకుల్లోనూ తరచు కనిపించే టైప్-1 రకంలో శరీరం ఇన్సులిన్ తయారుచేసుకోలేదు. కాబట్టి ఇంజెక్షను ద్వారా దానిని రోజూ తీసుకోవలసిందే.

ఇన్సులిన్ తీసుకునేవారికి రెండువైపులా ప్రమాదమే. చక్కెర ఎక్కువైతే సంవత్సరాల తరబడి కళ్ళకూ మూత్రపిండాలకూ నరాలకూ చేటు. తక్కువైతే నిమిషాలలోనే స్పృహ తప్పవచ్చు. ఈ రెండు గట్ల మధ్య ప్రయాణం చేసేవారికి ఇటీవలి కాలంలో దొరికిన మంచి సాధనం, చేతికి అంటించుకునే గ్లూకోజు సెన్సారు. ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలతో దీనిని సి.జి.ఎం. అంటారు. వేలికి సూది గుచ్చుకునే శ్రమ తగ్గించి, రాత్రింబగళ్ళు శరీరంలోని గ్లూకోజు ఎంతున్నదో ఇది చెబుతూ ఉంటుంది.

ఈ బిళ్ళను అంటించుకున్న ప్రతివారూ మొదట అడిగే ప్రశ్న, "నీళ్ళు తగిలితే చెడిపోద్దా?" అని. రెండు వారాలకొకసారి మార్చవలసిన వస్తువు, ఖరీదు వేలల్లో ఉంటుంది గనుక ఆ ప్రశ్న సహజమే. అయితే అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉన్నది. "నేను నీళ్ళల్లో ఉన్నంతసేపూ ఇది నాకు కబురు చెప్పగలదా?" అన్నది ఆ ప్రశ్న. మొదటిదానికి జవాబు చాలావరకు ధైర్యం చెబుతుంది. రెండవదానికి జవాబు మనలను జాగ్రత్తపడమంటుంది. ఈ రెండు జవాబులనూ మన సైన్సు పాఠాల సాయంతో అర్థం చేసుకోవటమే ఈ వ్యాసం ఉద్దేశం.

సెన్సారు పనిచేసే తీరు

గ్లూకోజును విద్యుత్తుగా మార్చి కొలవవచ్చునన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికా శాస్త్రవేత్త లీలాండ్ క్లార్క్ 1962లోనే ఎంజైము పూసిన ఎలక్ట్రోడును ప్రతిపాదించాడు. గ్లూకోజు ఆక్సిడేజు అనే ఎంజైము గ్లూకోజును ఆక్సీకరణం చెందిస్తుంది. ఆ చర్యలో వెలువడే ఎలక్ట్రానులను ఎలక్ట్రోడు అందుకుంటే అతి స్వల్పమైన కరెంటు పుడుతుంది. గ్లూకోజు ఎక్కువ ఉంటే కరెంటు ఎక్కువ, తక్కువ ఉంటే తక్కువ. నేటి సెన్సార్లలో చాలావాటికి మూలసూత్రం ఇదే. కొన్ని కంపెనీలవి హైడ్రోజన్ పెరాక్సైడు ద్వారా కొలుస్తాయి. మరికొన్ని ఆస్మియం సమ్మేళనాన్ని మధ్యవర్తిగా పెట్టుకుంటాయి. తేడా అంతే.

అమెరికాలో మొదటి సి.జి.ఎం.కు 1999లో అనుమతి వచ్చింది. దానిని మూడురోజులపాటు ధరించాలి. అంకెలు రోగికి కనపడేవి కావు, తరువాత డాక్టరే చూసేవాడు. 2014లో ఐరోపాలో విడుదలయిన ఫ్రీస్టైల్ లిబ్రే రాకతో ఈ సాధనం సామాన్యులకు కొంత దగ్గరయింది. దీని బిళ్ళ వ్యాసం 35 మిల్లీమీటర్లు, మందం 5 మిల్లీమీటర్లు. భుజానికి దిగువన చేయి వెనుకభాగంలో అంటిస్తారు. దాని అడుగునుంచి వెంట్రుకలాంటి మెత్తని తీగ సుమారు 5 మిల్లీమీటర్లు చర్మంలోకి దిగి ఉంటుంది. 14 రోజులు పనిచేస్తుంది.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. ఆ తీగ రక్తనాళంలో ఉండదు. కణాల మధ్య ఊరే ద్రవంలో ఉంటుంది. గ్లూకోజు ముందు రక్తంలో మారుతుంది, తరువాతనే ఆ ద్రవంలోకి చేరుతుంది. పెద్ద కాలువలో నీటిమట్టం తగ్గిన సంగతి చివరి పిల్లకాలువకు కొంతసేపటికి గాని తెలియదు గదా, ఇదీ అంతే. ఈ ఆలస్యం సాధారణంగా 5 నుంచి 10 నిమిషాలు ఉంటుంది.

గ్లూకోజు నిలకడగా ఉన్నప్పుడు ఈ ఆలస్యంతో పేచీ లేదు. పడిపోతున్నప్పుడే చిక్కు. ఉదాహరణకు, ఈత కొడుతున్న వ్యక్తికి నిమిషానికి 2 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతున్నదనుకుందాం. ఆలస్యం 10 నిమిషాలయితే సెన్సారు అంకె అసలు కంటె 20 ఎక్కువ చూపుతుంది. తెరమీద 85 అని కనపడుతున్న క్షణంలో రక్తంలో ఉన్నది 65 మాత్రమే. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకు తగ్గితే దానిని చక్కెర పడిపోవటంగా వైద్యులు లెక్కిస్తారు. 54కు దిగితే తక్షణ ప్రమాదమే. అంటే తెరమీద క్షేమంగా కనపడే మనిషి అప్పటికే గీత దాటిపోయి ఉండవచ్చును.

నీరు లోపలికి పోతుందా?

ఎలక్ట్రిక్ వస్తువులకు నీటినుంచి ఎంత రక్షణ ఉన్నదో చెప్పటానికి ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉన్నది. పెట్టెమీద ఐ.పి. అనే అక్షరాల పక్కన రెండంకెలు వేస్తారు. మొదటి అంకె దుమ్ము, ఘనపదార్థాల సంగతి చెబుతుంది. రెండవ అంకె నీటి సంగతి చెబుతుంది. రెండవ అంకె 7 అయితే 1 మీటరు లోతున 30 నిమిషాలు మునిగినా ఫరవాలేదని అర్థం. 8 అయితే అంతకుమించిన రక్షణ, ఎంత అనేది తయారీదారు చెప్పాలి.

లిబ్రే సెన్సారుకు ఉన్నది ఐ.పి. 27. అంటే 1 మీటరు లోతు, 30 నిమిషాలు. డెక్స్‌కామ్ కంపెనీ జి-6, జి-7 సెన్సార్లకు 2.4 మీటర్ల లోతున 24 గంటల దాకా హామీ ఉన్నది. కనుక స్నానం, వాన, చెమట, చెరువు గట్టున మునక – వీటివల్ల సెన్సారు పాడవుతుందన్న భయం అక్కరలేదు. స్నానం మానుకోవటం, చేతికి ప్లాస్టిక్ సంచి కట్టుకోవటం వంటివి అనవసరం.

కాని ఆ హామీ ఏ నీటికి ఇచ్చారో కూడా చూడాలి. ప్రయోగశాలలో పరీక్ష చేసేది కదలని మంచినీటిలో. మన కాలువ నీరు కదలకుండా ఉండదు, అందులో ఇసుక, ఒండ్రు ఉంటాయి. పైగా మనవాళ్ళు కాలువలోకి మెల్లగా దిగరు, గట్టుమీదినుంచో వంతెన మీదినుంచో దూకుతారు. ఇక్కడ ఇంటర్మీడియట్ ఫిజిక్సు ఒక్కసారి గుర్తుచేసుకుందాం. h ఎత్తునుంచి పడిన వస్తువు వేగం v అయితే v² విలువ 2gh. కదిలే నీరు ఒక తలానికి ఎదురుగా తగిలి ఆగినపుడు కలిగే పీడనం ½ρv². ఇందులో v² విలువ వేస్తే వచ్చేది ρgh. అంటే 3 మీటర్ల ఎత్తునుంచి దూకిన మనిషి నీటిని తాకిన క్షణంలో, నీటికి ఎదురైన భాగంమీద సుమారు 3 మీటర్ల లోతు నీటి పీడనం పడుతుందన్నమాట. 1 మీటరుకే హామీ ఉన్న బిళ్ళకు ఇది మూడింతలు. అది క్షణకాలమే గనుక ప్రతిసారీ చెడిపోతుందని చెప్పలేం. కాని చెడిపోతే కంపెనీని అడిగే హక్కు మనకుండదు. అంటు అంచు లేచిపోయేది కూడా ఎక్కువగా ఇటువంటి దూకుళ్ళలోనే.

నీటిలో కబురు ఆగిపోతుంది

ఇక అసలు సంగతికి వద్దాం. సెన్సారు కొలిచిన అంకె మనకు చేరాలంటే ఫోనుకో రిసీవరుకో అందాలి. తొలి తరం లిబ్రేలో ఫోనును బిళ్ళకు 4 సెంటీమీటర్లలోపు దగ్గరగా పెడితేనే అంకె వస్తుంది. తనంతట తాను అలారం మోగించే ఏర్పాటు అందులో లేదు. తరువాత వచ్చిన రకాలు బ్లూటూతు ద్వారా పంపుతాయి. చక్కెర పడిపోతే ఫోను మోగుతుంది. అడ్డు లేకుండా ఉంటే రకాన్నిబట్టి 6 నుంచి 10 మీటర్ల దూరందాకా ఈ సంకేతం అందుతుంది.

బ్లూటూతు తరంగాల పౌనఃపున్యం సుమారు 2.4 గిగాహెర్ట్జులు. మైక్రోవేవ్ పొయ్యిలో వాడేది కూడా ఇంచుమించు ఇదే, 2.45 గిగాహెర్ట్జులు. ఆ పొయ్యిలో అన్నం వేడెక్కటానికి కారణం అందులోని నీరు ఆ తరంగాల శక్తిని పీల్చుకోవటమే. సెన్సారు పంపే తరంగం శక్తి చాలా స్వల్పం గనుక దానివల్ల నీరు వేడెక్కదు. కాని పీల్చుకునే గుణం మాత్రం అదే. కొద్ది అంగుళాల నీటిలోనే ఆ సంకేతం క్షీణించిపోతుంది. మోచేయి మునిగి భుజం మునిగేసరికి, గట్టుమీద బట్టల్లో పెట్టిన ఫోనుకు కబురు తెగిపోతుంది.

ఇక్కడ చాలామంది పొరపడే అవకాశం ఉన్నది. సెన్సారు లోపల కొలత ఆగదు. అది కొలుస్తూనే ఉంటుంది, దాచుకుంటూనే ఉంటుంది. లిబ్రే 8 గంటల లెక్కను దాచగలదు. మనం ఒడ్డుకు వచ్చి ఫోను దగ్గరకు చేరాక ఆ ఖాళీ అంతా తెరమీద గీతగా నిండుతుంది. కాబట్టి మనం నీళ్ళల్లో ఉండగా చక్కెర 50కి పడిపోయి ఉంటే, ఆ సంగతి తరువాత తెరమీద స్పష్టంగా కనపడుతుంది. అయితే ఆ గీతను చూసుకోవటానికి మనం ఒడ్డుకు చేరి ఉండాలి గదా! జరిగినదాన్ని తరువాత చెప్పే సాధనం వేరు, జరగబోయేదాన్ని హెచ్చరించే సాధనం వేరు. నీటిలో మన సెన్సారు మొదటిదే అవుతుంది, రెండవది కాలేదు.

నీటిలో శరీరం కూడా చెప్పదు

సెన్సారు రాకముందు కూడా ఇన్సులిన్ తీసుకునేవారు బతికారు గదా అని కొందరు అనవచ్చు. నిజమే. చక్కెర పడిపోతుంటే శరీరమే కొన్ని గుర్తులు చూపుతుంది. చెమటలు పడతాయి, వణుకు వస్తుంది, ఆకలి వేస్తుంది, గుండె దడదడలాడుతుంది, కళ్ళు మసకబారతాయి, మాట తడబడుతుంది. అయితే ఈ గుర్తుల్ని ఒక్కొక్కటిగా నీళ్ళల్లో ఊహించుకుని చూడండి. ఒళ్ళంతా తడిసి ఉన్నప్పుడు చెమట తెలియదు. వణుకు వస్తే చలి అనుకుంటాం. గుండె దడ, ఆకలి, అలసట – ఇవన్నీ ఈతవల్లనే అనుకుంటాం. గుర్తులన్నీ ఉంటాయి, వాటికి వేరే అర్థం దొరుకుతుంది. చివరికి మిగిలేది తికమక. తికమకపడ్డ మనిషి తనంతట తాను ఒడ్డుకు రావాలన్న నిర్ణయం తీసుకోలేడు.

నేలమీద స్పృహ తప్పితే కిందపడతాం, ఎవరో చూసి చక్కెర పెడతారు. నీళ్ళల్లో అయితే మోకాటి లోతే చాలు.

ఈత కాళ్ళూ చేతులూ అన్నీ పనిచేసే వ్యాయామం. కండరాలు గ్లూకోజును గబగబ లాక్కుంటాయి. ఒడ్డుకు వచ్చాక కూడా చాలా గంటలపాటు, ఒక్కొక్కప్పుడు రాత్రి నిద్రలో కూడా చక్కెర తగ్గవచ్చు. వేడినీళ్ళ స్నానం సంగతి వేరు. వేడికి చర్మంలో రక్తప్రసారం పెరిగి, అప్పుడే వేసుకున్న ఇన్సులిన్ మామూలుకంటె త్వరగా రక్తంలో కలుస్తుంది. అందుచేత ఇంజెక్షను వేసుకున్న వెంటనే మరిగేటంత వేడినీళ్ళు పోసుకోవటం మంచిది కాదు.

మన పల్నాటి నీళ్ళు

ఈ శాస్త్రమంతా ఈతకొలను ఉన్న నగరాలవాళ్ళకే అనుకోరాదు. నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. 203 కిలోమీటర్ల పొడవున్న కుడికాలువకు జవహర్ కాలువ అని పేరు. వానమీద ఆధారపడ్డ మన మెట్ట నేలకు వరి, మిరప, పత్తి పండించే భాగ్యం ఇచ్చిన కాలువ ఇది. వేసవిలో రెంటచింతల ఎండ 45 డిగ్రీలు దాటినప్పుడు కాలువలో నీళ్ళుంటే కుర్రకారు ఆగుతారా? కాని ఈ కాలువలో లోతు ఎక్కువ, ప్రవాహం ఎక్కువ. సిమెంటు పూత ఉన్నచోట గట్టు వాలుగా, నాచుపట్టి జారుతూ ఉంటుంది. బాగా ఈత వచ్చినవాడికే ఎక్కి రావటం కష్టం. చక్కెర పడిపోయి తికమకపడ్డవాడి సంగతి చెప్పనక్కరలేదు. కనుక ఇన్సులిన్ తీసుకునే మిత్రులు పెద్దకాలువలో ఈతకు దిగకపోవటమే ఉత్తమం. ఇది పిరికితనం చెప్పే మాట కాదు, లెక్క చెప్పే మాట.

రెండవది పొలం. దీనిగురించి పట్టణపు పుస్తకాల్లో కనపడదు. కాలువ నీటి వంతు వచ్చినప్పుడు వేళాపాళా ఉండదు. రాత్రి పదకొండుకు వచ్చినా తెల్లవారుజామున మూడింటికి వచ్చినా పారతో మడికి పోవలసిందే. చాలాసార్లు ఒక్కరే పోతారు. అన్నం వేళ తప్పుతుంది, ఇన్సులిన్ మాత్రం పడి ఉంటుంది, పార పని ఒళ్ళువంచి చేసేది. చక్కెర పడిపోవటానికి కావలసిన మూడు కారణాలూ ఒక్కచోట చేరినట్టే. మడిలో నీళ్ళు పిక్కలదాకానే గనుక చేతిమీది సెన్సారు మునగదు, కబురు పంపగలదు. అయితే ఫోను ఎక్కడున్నది? తడుస్తుందని గట్టున చెట్టుకొమ్మకు తగిలిస్తే, మనిషి ఇరవై గజాలు జరగగానే ఆ కబురు అందదు. ఫోనును ప్లాస్టిక్ కవరులో మూతి బిగించి మెడలో వేసుకోవాలి, లేదా చొక్కా పైజేబులో పెట్టుకోవాలి. రెండవ జేబులో గ్లూకోజు పొట్లమో బెల్లం ముక్కో ఉండాలి. ఖర్చు లేని పని ఇది.

మూడవది పుణ్యస్నానం. కృష్ణా పుష్కరాలు 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు జరిగాయి. మళ్ళీ 2028లో వస్తాయి. అమరావతి ఘాట్లలో మూడు మునకలు వేయటంవల్ల సెన్సారుకు ఏమీ కాదు. ఎటొచ్చీ స్నానం అయ్యేదాకా ఏమీ తినకుండా ఉండే ఆచారంతోనే చిక్కు. కార్తీకమాసంలో తెల్లవారుజామున చన్నీటి స్నానం, ఆపైన పగలంతా ఉపవాసం చేసే పెద్దలు మన ఇళ్ళల్లో ఉన్నారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి చక్కెర పడిపోవటం అరుదు. ఇన్సులిన్‌గాని, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలుగాని వాడేవారికి ఉపవాసం ప్రమాదకరం. అమ్మమ్మలకూ నాయనమ్మలకూ ఈ తేడా చెప్పి, మందు మోతాదు సంగతి ముందుగా డాక్టరుతో మాట్లాడించవలసిన బాధ్యత చదువుకుంటున్న మనది.

అంటు ఊడకుండా

సెన్సారు నీటివల్ల చెడిపోయేదానికంటె అంటు ఊడి పోయేదే ఎక్కువ. దీనికి ముఖ్య కారణాలు చెమట, నూనె. బిళ్ళ అంటించే ముందు ఆ చోటును సబ్బుతో కడిగి, స్పిరిటు దూదితో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. స్నానం చేసిన వెంటనే తడి ఒంటిమీద అంటించరాదు. కొబ్బరినూనె, లోషను ఆ చోట రాయరాదు. భోగినాడో పుట్టినరోజునో తలంటు పోసుకునేటప్పుడు ఒంటికి నూనె పట్టించి సున్నిపిండితో నలుగు పెట్టటం మన అలవాటు. నూనె జిగురును కరిగిస్తుంది, నలుగు దానిని లాగుతుంది. తలంటు మానక్కరలేదు. బిళ్ళ చుట్టూ జానెడు చోటు వదిలేస్తే చాలు.

స్నానం తరువాత తువ్వాలుతో అద్దాలి, రుద్దరాదు. బురదలో పనిచేసి వస్తే మంచినీళ్ళు పోసి కడిగి అద్దుకోవాలి. పైన అదనపు ప్లాస్టరు వేసుకునేవారు లిబ్రే బిళ్ళ మధ్యనున్న చిన్న రంధ్రాన్ని మూయకుండా చూసుకోవాలి. అంటు కింద దురద, ఎర్రదనం, చీము కనపడితే ఓర్చుకుంటూ కూర్చోక తీసివేసి డాక్టరుకు చూపించాలి.

అంకెమీద అనుమానం వస్తే వేలికి గుచ్చి గ్లూకోమీటరుతో సరిచూసుకోవాలి. ఇక్కడ కూడా నీటి ప్రభావం ఉన్నది. వేలు తడిగా ఉంటే నీరు రక్తపు చుక్కను పలచన చేసి అంకెను తక్కువగా చూపిస్తుంది. వేలికి బెల్లమో పంచదారో అంటుకుని ఉంటే ఎక్కువగా చూపిస్తుంది. కడిగి, ఆరబెట్టి, తరువాత గుచ్చాలి.

ఈత మానుకోవాలా?

మానుకోనక్కరలేదు. అమెరికా ఈతగాడు గేరీ హాల్ జూనియరుకు 1999లో టైప్-1 మధుమేహం ఉన్నదని తేలింది. మరుసటి సంవత్సరం 2000 సిడ్నీ ఒలింపిక్సులో 50 మీటర్ల ఫ్రీస్టైల్లో ఆంథొనీ ఎర్విన్‌తో సమానంగా వచ్చి స్వర్ణపతకం పంచుకున్నాడు. 2004 ఏథెన్సులో అదే పోటీలో ఒక్కడే గెలిచాడు. నేటి సెన్సార్లు అప్పటికి ఇంకా రాలేదు. క్రమం తప్పని పరీక్ష, చుట్టూ తెలిసిన మనుషులు – ఇవే అటువంటివారికి ఆధారం.

సముద్రంలో లోతుకు దిగే మధుమేహ రోగులకోసం 2005లో నిపుణులు రూపొందించిన నియమం ఒకటి మనకూ పాఠం చెబుతుంది. దిగటానికి 60 నిమిషాల ముందు ఒకసారి, 30 నిమిషాల ముందు ఒకసారి, సరిగ్గా దిగబోయే ముందు ఒకసారి గ్లూకోజు చూసుకోవాలి. అది 150 కంటె తక్కువ ఉండకూడదు, నిలకడగానో పెరుగుతూనో ఉండాలి. మూడుసార్లు ఎందుకంటే, ఒక్క అంకె ఎక్కడ ఉన్నామో మాత్రమే చెబుతుంది. మూడు అంకెలు ఎటు పోతున్నామో చెబుతాయి. సెన్సారులో అంకె పక్కన ఉండే బాణం చేసే పని ఇదే. లిబ్రేలో బాణం కిందికి ఏటవాలుగా ఉంటే నిమిషానికి 1 నుంచి 2 మిల్లీగ్రాములు తగ్గుతున్నదని అర్థం. నిలువుగా కిందికి ఉంటే 2 కంటె ఎక్కువ. 110 చూపుతూ బాణం ఏటవాలుగా ఉన్నవాడు 20 నిమిషాలు ఈదితే 70కి చేరవచ్చు. కనుక 110 అనే అంకె మంచిదా చెడ్డదా అనేది బాణం చూడందే చెప్పలేం.

పాటించవలసిన క్రమం

ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా కలిపి ఇలా గుర్తుపెట్టుకోవచ్చు. ఎవరి మోతాదు, ఎవరి హద్దు ఎంత అనేది వారి వారి డాక్టరు నిర్ణయించాలి.

1. దిగబోయే ముందు అంకెతోపాటు బాణం చూడాలి. బాణం కిందికి ఉంటే దిగరాదు. ఏదైనా తిని, మళ్ళీ చూసుకుని దిగాలి.

2. లోతు తెలిసిన, ప్రవాహం లేని నీటిలోనే దిగాలి. ఒంటరిగా దిగరాదు.

3. ఒడ్డున ఉన్న మనిషికి తనకు మధుమేహం ఉన్నదని, ఏం చేయాలో ముందే చెప్పాలి. దాచుకోవలసిన సంగతి కాదిది.

4. గడియారం చూసుకుని 20, 30 నిమిషాలకొకసారి ఒడ్డుకు వచ్చి అంకె చూసుకోవాలి. అలారం మోగలేదు గదా అన్న ధైర్యం నీళ్ళల్లో పనికిరాదు.

5. గ్లూకోజు పొడిగాని పంచదారగాని తడవకుండా ఒడ్డున ఉంచాలి. చక్కెర పడిపోతే 15 గ్రాములు, అంటే సుమారు మూడు చెంచాలు తిని, 15 నిమిషాలు ఆగి మళ్ళీ చూసుకోవాలి. పెరగకపోతే మళ్ళీ అంతే తినాలి. ఆ పూట తిరిగి నీళ్ళల్లో దిగరాదు.

6. స్పృహ తప్పినవారి నోట్లో ఏదీ పోయరాదు, గొంతుకు అడ్డం పడుతుంది. ఒడ్డుకు లాగి, ఊపిరి ఆడుతుంటే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కు ఫోను చేయాలి. ఊపిరి ఆడకపోతే వెంటనే ఛాతీ నొక్కుతూ నోటితో శ్వాస అందించాలి.

7. ఈదిన రోజు రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి తప్పక చూసుకోవాలి.

మూడవ అంశాన్ని గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. హాస్టలులో, క్లాసులో మన పక్కన కూర్చునే మిత్రుల చేతికి చొక్కా కింద ఈ బిళ్ళ ఉండవచ్చు. పెళ్ళి సంబంధాలకు అడ్డం వస్తుందనో, జాలిపడతారనో చాలామంది దాచుకుంటారు. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో ఇంట్లోవాళ్ళే దాచమంటారు. నేలమీద ఈ దాపరికంవల్ల ఇబ్బంది అంతగా కనపడకపోవచ్చు. కాని విహారయాత్రకు పోయి పదిమందిమి నీళ్ళల్లో దిగినప్పుడు, సెన్సారు మూగపోతుంది, ఒంటి గుర్తులు చలిలో కలిసిపోతాయి. అప్పుడు మిగిలే హెచ్చరిక ఒక్కటే: "వీడికి షుగరుంది, మాట తేడాగా ఉంది, ఒడ్డుకు లాగండ్రా" అనగలిగిన స్నేహితుడు. ఆ మాట అనగలగాలంటే అతనికి సంగతి తెలిసి ఉండాలి. తెలియజెప్పటానికి సిగ్గుపడనక్కరలేని వాతావరణం మన కళాశాలలో ఉంటే, ఎన్ని వేలు పోసి కొన్న సెన్సారైనా చేయలేని పని మనం చేసినట్టే.